తోట తలుపు దగ్గర కొండవాళ్ళు

నేస్ అనే ఐరిష్ ఊరు దాటి కొండల వైపు వెళ్ళే రోడ్డులో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. పేరెందుకు లెండి. దాని వెనక కారిడార్ చివర తోటలోకి తెరుచుకునే అద్దాల తలుపు ఒకటుంది. కోవిడ్ మొదలైన దగ్గర్నుంచీ ఆ తలుపుకి చెడ్డపేరు. పొద్దుగూకే వేళకి ఎవరో బయట నిలబడి పిలుస్తారనీ, పిలుపు వినపడితే తెల్లారేసరికి ఆ కారిడార్‌లో ఒక మంచం ఖాళీ అవుతుందనీ...

నవ్వి కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. అలా నవ్వినవాళ్ళు కూడా అటు డ్యూటీ పడితే ఎవర్నో బతిమాలి మార్చుకునేవాళ్ళు.

క్రిస్మస్ వెళ్ళింది. జనవరిలో కోవిడ్ హోమంతా పాకింది. స్టాఫ్‌లో సగంమంది జ్వరాలతో ఇళ్ళల్లో పడ్డారు. మార్చుకోడానికి మనిషే దొరక్క ఆ కారిడార్ దేవమణి మీద పడింది. బాపట్ల పిల్ల. ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌గా వచ్చి ఎక్కువ కాలం కాలేదు.

"తాళంచెవి నీ దగ్గరుంటుంది. ఎవరు పిలిచినా తియ్యకు," అంది నర్సు లీలారాణి, మాస్కు వెనక గొంతు తగ్గించి.

"ఎవరు పిలుస్తారక్కా?"

"నాకేం తెలుసు... వినపడిందనుకో, ప్రార్థన చేసుకుంటూ ఇవతలికొచ్చెయ్."

ఆ తలుపు పక్క గదిలోనే లులాష్ ఉండేవాడు. అల్బేనియా ఉత్తరపు కొండల్లో పుట్టిన ముసలాయన. కోవిడ్‌కి కాస్త ముందే తుంటి విరిగి ఇక్కడ చేరాడు. ఒక్కతే కూతురు, ద్రానె. ఉద్యోగం కోసం గాల్వే వెళ్ళి, లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయింది. ఒకసారి బయల్దేరితే దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వెనక్కి పంపేశారు. వచ్చినా లాభం లేదు, హోమ్‌లోకి చూడ్డానికి ఎవర్నీ రానివ్వడం లేదు. ఆ మాట ఫోన్లో ఆమెకి చెప్పింది దేవమణే.

దేవమణి ఆయన్ని తాతా అని పిలిచేది. అర్థం చెబితే మురిసిపోయాడు. వచ్చీరాని ఇంగ్లీషులో తన సంగతులన్నీ చెప్పేవాడు.

"మా నాన్న చిన్నపిల్లాడప్పుడు, మమ్మల్ని ఏలే సుల్తాను సైన్యం మా కొండలెక్కింది. తుపాకులిచ్చెయ్యండి, పన్నులు కట్టండి, మగపిల్లల్ని సిపాయిలుగా పంపండి అన్నారు. మావాళ్ళు తిరగబడ్డారు. మా చేతుల్లో పాత తుపాకులు, వాళ్ళ దగ్గర ఫిరంగులు. ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారమ్మాయ్. ఆడవాళ్ళూ పిల్లలూ సరిహద్దు దాటేదాకా మా తాత, ఆయన తమ్ముళ్ళు కొండసందులో అడ్డం నిలబడ్డారు."

"తర్వాత?"

"సాయంత్రం అయ్యేసరికి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కేకేసేవాళ్ళట, బతికే ఉన్నామని. ఇవతలి కొండ మీద మా నాన్న కూర్చుని వినేవాడు. రోజుకో గొంతు తగ్గుతూ వచ్చింది... చివరికి ఒకటే మిగిలింది. అది మా తాతది. తర్వాత అదీ లేదు."

"సాయం ఎవరూ రాలేదా తాతా?"

"వస్తామన్నారు," అన్నాడు లులాష్. "ఎవరూ రాలేదు."

ఆ వారమే ఆయనకీ జ్వరం తగిలింది. ఊపిరి గరగరలాడుతోంది. ఆసుపత్రిలో మంచాలు లేవన్నారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టి, దేవుడి మీద భారం వేసి కూర్చున్నారు.

చీకటి పడుతోంది. బయట సన్నటి వాన. దేవమణి ఆయన పెదవులు తడుపుతోంది...

అప్పుడు వినపడింది.

తోటలోంచి మగగొంతు. దగ్గరగా నిలబడి పిలుస్తున్నట్టు లేదు — ఒక కొండ మీంచి ఇంకో కొండకి అందేలా, సాగదీసి...

దేవమణి గబగబా ప్రార్థన మొదలుపెట్టింది. లులాష్ కళ్ళు మాత్రం వెలిగాయి.

"మావాళ్ళు! ఇంటాయనా, చుట్టాల్ని రానిస్తావా అని అడుగుతున్నారు. మా దగ్గర అలాగే అడుగుతారు. ఇంటివాడు రమ్మంటేనే గడప దాటుతారు." లేవబోయాడు. దగ్గు తెర ముంచేసింది. "నాకు గొంతు రావట్లేదు... నువ్వెళ్ళి చెప్పమ్మాయ్. రమ్మను. వానలో నిలబడ్డారు."

దేవమణి అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళింది.

గడ్డి మీద వరసగా మనుషులు. తలమీద తెల్లటి గొర్రెబొచ్చు టోపీలు. భుజాన తుపాకులు. ముఖాల నిండా మసి. ముందున్నవాడికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ముక్కూ గడ్డమూ మాత్రం అచ్చం లులాష్‌వే.

వాన పడుతోంది — వాళ్ళ మీద మాత్రం చినుకు చిట్లడం లేదు.

అతను మళ్ళీ అడిగాడు, ఈసారి మెల్లగా. భాష తెలియకపోయినా ఆమెకి అర్థమైంది.

తాళంచెవి చేతిలోనే ఉంది. వెనక గదుల్లో ఎంతమంది ఊపిరికోసం కొట్టుకుంటున్నారో గుర్తొచ్చింది. తలుపు తీస్తే... వీళ్ళు ఎవరెవర్ని తీసుకుపోతారో?

"నో విజిటర్స్," అంది దేవమణి. "సారీ... ఎవర్నీ రానివ్వకూడదు."

అతను కోప్పడలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. వెనక్కి తిరిగాడు. ఒక్కొక్కరే చెట్ల చీకట్లో కలిసిపోయారు.

గదిలోకి వచ్చేసరికి లులాష్ తలుపు వైపే చూస్తున్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను తాతా. రమ్మన్నాను."

"మరి రాలేదేం?" అన్నాడు.

అవతలి గదిలో బెల్లు మోగితే దేవమణి వెళ్ళింది. అక్కడో ముసలమ్మని పక్కకి తిప్పి, గుడ్డలు మార్చి వచ్చేసరికి లులాష్ పోయాడు. కళ్ళు తలుపు వైపే తెరిచి ఉన్నాయి. చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు.

మర్నాడు గార్డులు ద్రానెని ఆపకుండా వదిలారు, శవం కోసం కదా. పెట్టె అప్పటికే మూసేశారు. కార్ పార్క్‌లో ఆమే దేవమణీ దూరం దూరంగా నిలబడ్డారు.

"చివర్లో నాన్న దగ్గరికి ఎవరైనా వచ్చారా?" అని అడిగింది ద్రానె.

హోమ్ వాళ్ళ గురించి అడుగుతోందనుకుంది దేవమణి. కాదు. ఆ చూపు తోట వైపు ఉంది. దేవమణి ఇక దాచలేకపోయింది. పిలుపు, టోపీలు, తను అన్న మాట — అంతా చెప్పేసింది. "ఆయన్ని తీసుకుపోడానికొచ్చారని భయపడ్డానండీ..."

"వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు కాదు," అంది ద్రానె. "ఆ కొండసందులో వాళ్ళ పక్కన ఎవరూ లేకుండా పోయారు. అందుకే మా ఇళ్ళల్లో ఎవరైనా పోయే ముందు వస్తారు. పక్కన కూర్చోడానికి. ఒంటరిగా పోకుండా... మావాళ్ళు ఒకరున్న ఇంట్లో ఇంకెవరి ప్రాణం పోతున్నా వాళ్ళ దగ్గరా కూర్చుంటారు. మా నాన్నమ్మ చెప్పేది."

"రానివ్వకపోతే?"

"రానివ్వనివాళ్ళ గురించి నేనెప్పుడూ వినలేదు."

కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దేవమణి తాళం తీసి ఆ తలుపు బార్లా తెరిచింది. "రండి," అంది తెలుగులోనే. "అందరూ రండి బాబూ..." చలిగాలి ఒక్కటే లోపలికొచ్చింది. లీలారాణి వచ్చి బలవంతంగా మూసేదాకా అలాగే నిలబడింది. మర్నాడూ తెరిచింది. ఆ మర్నాడూ.

ఆ నెలాఖరుకి కారిడార్ సగానికి సగం ఖాళీ అయింది. పిలుపు మాత్రం మళ్ళీ ఎవరికీ వినపడలేదు.