మూడో గుండీ మీది కాదండీ

అమ్మాయితో మొదటిసారి మాట్లాడేటప్పుడు ఏ మాట అనకూడదో ఎవరైనా పుస్తకం రాస్తే, అందులో మొదటి పేజీ నాకే ఇవ్వాలి.

ఆ రోజు వాన. మా సందులో పైనుంచి పడే వాన తక్కువ, రెండువైపులా చూరుల నుంచి కారేది ఎక్కువ. ఆ అమ్మాయి గొడుగు దులుపుకుంటూ మా కొట్టు మెట్టెక్కింది. చంకలో డ్రాయింగ్ బోర్డు, మెడలో ఐడీ కార్డు, ఒంటిమీద పాతకాలపు ఆకుపచ్చ కోటు.

నేను చూశాను. మొహం చూసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

"ఏంటి చూస్తున్నారు?" అంది.

"మూడో గుండీ మీది కాదండీ" అన్నాను.

ఎదురుకొట్టులో దర్జీ బాబాయి మిషను టక్కున ఆగింది.

"ఏంటీ?"

"అంటే... మిగతా అయిదూ ఒక సెట్టండీ. కొమ్ము గుండీలు, నాలుగు కన్నాలవి. మూడోది ప్లాస్టిక్. కన్నాలు రెండే. పైగా నీలం. ఎవరో చేతికి దొరికింది తగిలించేశారు."

"నేనే కుట్టాను."

"చాలా గట్టిగా కుట్టారండీ."

బాబాయి మిషను మళ్ళీ మొదలైంది. ఇక చూడ్డానికేం మిగల్లేదని ఆయనకి అర్థమైపోయినట్టుంది.

తప్పు నాది కాదని చెప్పను గానీ, పెంపకంలో కొంత ఉంది. మాది గుండీల కొట్టు. ముత్తాత పెట్టాడు, తాత నడిపాడు, నాన్న నడుపుతున్నాడు, నేను అడ్డం పడుతున్నాను. నూట పన్నెండేళ్ళుగా ఇదే సందు, ఇదే గది. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి మనుషుల మొహాలు గుర్తుండవు, గుండీలు గుర్తుంటాయి. లెక్కల మాస్టారు రోడ్డుమీద ఆపి "ఏరా, బాగున్నావా?" అంటే, ఆయన ముత్యపు చిప్ప గుండీలు చూసేదాకా ఎవరో తెలియలేదు. స్కూల్లో నన్ను గుండీగాడు అనేవాళ్ళు. అందులో అన్యాయమేమీ లేదు.

లోపలి నుంచి నాన్న వచ్చాడు. ఆ అమ్మాయి కార్డు చూపించి, నాకు వీపు తిప్పి ఆయనతో మాట్లాడింది. మున్సిపల్ ఆఫీసు నుంచి పాత కొట్లు సర్వే చెయ్యడానికి వచ్చిందట. మా వరస పడగొట్టి కార్ పార్కింగ్ కట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. వందేళ్ళు దాటి, అదే కుటుంబం, అదే పని, అదే పద్ధతిలో చేస్తున్నట్టు తేలితే ఆ కొట్టు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కినదాన్ని ముట్టుకోరు. ఎక్కనిదాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. పార్కింగ్ అనేసరికి నాన్న చెయ్యి బల్లమీద ఏదో సర్దుతున్నట్టు కదిలింది. బల్లమీద ఏమీ లేదు.

ఇక గోడ సంగతి చెప్పాలి. మా కొట్టులో కనిపించేది గోడ కాదు, సొరుగులు. పదిహేడు వరసలు, వరసకి ముప్ఫై ఆరు, మొత్తం ఆరువందల పన్నెండు. ఒక్కోదాని మొహాన లోపలున్న రకం గుండీ ఒకటి దారంతో కుట్టి ఉంటుంది. పేరు లేదు, నంబరు లేదు. ఎవరైనా అడిగితే నాన్న వాళ్ళతో మాట్లాడుతూనే వెనక్కి చెయ్యి చాపుతాడు, ఆ సొరుగే వస్తుంది.

అమ్మాయి ఆ గోడని అలాగే చూస్తూ నిలబడిపోయింది. చెడగొట్టిన పరువు నిలబెట్టుకుందామని నేను నిచ్చెనెక్కి పన్నెండో వరసలో ఒకటి చూపించాను.

"ఇదిగోనండీ. మీ కోటు గుండీ ఇదే."

"అయ్యో, అవును! ఇది మా అమ్మమ్మ కోటు. ఊరంతా వెతికాను. ఒకటి ఇస్తారా?"

"ఇవ్వం" అన్నాడు నాన్న. "సొరుగు ఖాళీ అమ్మా. బయట కుట్టిందే ఆఖరిది. ఆఖరి గుండీ బయటివాళ్ళకి ఇవ్వం. మా తాత పెట్టిన పద్ధతి."

"ఎవ్వరికీ ఇవ్వరా?"

"ఇంట్లోవాళ్ళకి ఇస్తాం. మా అల్లుడు ఒకసారి అడిగాడు, లేదన్నాను. సంబంధం ఖాయమైన రోజు సాయంత్రం నేనే కత్తిరించి ఇచ్చాను."

"అంత స్ట్రిక్టా?" అని నవ్వింది. ఆ నవ్వు నాన్నకి. నాకొచ్చింది చూపు మాత్రమే, అదీ నా చొక్కా గుండీల మీద. కిందకి చూసుకున్నాను. ఒకటి ఊడిపోయి ఉంది.

తర్వాత నాలుగు మధ్యాహ్నాలు వరసగా వచ్చింది. స్టూలు మీద కూర్చుని గోడని గీసేది. నేను నాలుగు రోజులూ తల దువ్వుకున్నాను, చొక్కాలు ఇస్త్రీ చేయించాను. నా కోసమే వస్తోందని మనసులో లెక్క తేల్చుకున్నాను. నాలుగోరోజు నాన్న కూడా ఒకసారి దువ్వెన వంక, ఒకసారి నా వంక చూశాడు.

"ప్రతి గుండీ గీస్తారా?" అన్నాను.

"గీయాలిగా. ఫోటో తీస్తే మెరుపు తప్ప ఏం పడట్లేదు."

"నేనేమైనా హెల్ప్ చెయ్యనా?"

"వెలుతురుకి అడ్డం లేస్తే చాలు."

లేచాను. లేస్తూ ఆమె నోట్‌బుక్‌లోకి తొంగి చూశాను. చూడకుండా ఉండాల్సింది. పేజీ మధ్యలో "లేబుళ్ళు లేవు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది.

అంటే మనకి మార్కులు తగ్గించేసింది. లేబుళ్ళు లేక కొట్టు పోతోంది!

మర్నాడే నాన్న నాలుగు రోజులకని అక్కావాళ్ళింటికి వెళ్ళాడు. నా తెలివి తెల్లారడానికి ఆ మాత్రం టైము చాలు. ఆరువందల పన్నెండు సొరుగులూ కిందికి దించాను. రంగుల వారీగా విడదీశాను. తెలుపుతో మొదలుపెట్టి నలుపు దాకా, మధ్యలో పసుపు, ఎరుపు, నీలం, చూస్తే కళ్ళు చెదిరేలా ఎక్కించాను. ప్రతిదానికీ ప్రింటు తీసిన లేబుల్ అంటించాను. బార్‌కోడ్ కూడా పెట్టాను. దాన్ని చదివే మిషను మా దగ్గర లేదు, అది వేరే సంగతి.

దర్జీ బాబాయి గుమ్మంలో నిలబడి చూశాడు. "మీ నాన్నకి చెప్పావురా?"

"సర్‌ప్రైజ్ బాబాయ్."

"అవుతుందిలే" అన్నాడాయన.

శనివారం పొద్దున నాన్న వచ్చాడు. కుర్చీలో కూర్చునేలోపే ఒకావిడ వచ్చి స్కూలు యూనిఫాం గుండీలు అడిగింది. నాన్న ఆమె పిల్లల గురించి అడుగుతూ వెనక్కి చెయ్యి చాపి సొరుగు లాగాడు. అందులో బంగారు రంగు బ్యాండ్‌మేళం గుండీలున్నాయి. ఇంకోటి లాగాడు. ముత్యాలు. అప్పుడు తిరిగి గోడ వైపు చూశాడు.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. నాన్న లేబుల్ దగ్గరకి మొహం పెట్టి, కళ్ళద్దాలు పైకి కిందికి జరిపి చదవడానికి ప్రయత్నించాడు. ఆ అక్షరాలు ఆయనకి ఆనలేదు. యాభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని తిరిగిన సొంత కొట్టులో దారి తప్పినట్టు నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

"బాగా కష్టపడ్డావురా" అని మాత్రం అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. సోమవారం కమిటీవాళ్ళు వస్తున్నారని చెప్పడానికి. గోడ చూసి చేతిలో గొడుగు జారవిడిచింది.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ. లేబుళ్ళు లేవని మీరు రాసుకున్నారుగా..."

"లేవనే రాశాను! మొత్తం సర్వేలో నేను చూసిన గొప్ప విషయం అదే! లేబుల్ ముక్క లేకుండా నాలుగు తరాలు చేతులతో గుర్తుపెట్టుకున్న గోడ అని రెండు పేజీలు రాశాను. అందుకే గీతలు కొట్టుకున్నాను. మీరు... మీరు దాన్ని సూపర్ మార్కెట్ చేశారు!"

"సారీ అండీ."

"నాక్కాదు చెప్పాల్సింది."

నాన్న కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తున్నాడు. ఆయనకి సారీ చెబుదామని వెళ్ళాను. కింద పడ్డ గొడుగు తీసి గోడకి ఆనించి వెనక్కి వచ్చేశాను.

అమ్మాయి ఆయన్నీ నన్నూ చూసింది.

"పాత వరస మీకేమైనా గుర్తుందా?"

"లేదండీ. నాన్నకి చేతుల్లో ఉంది గానీ చెప్పమంటే రాదు."

"నా దగ్గరుంది. రేపు ఆదివారం. తొమ్మిదింటికి తలుపు తీసి ఉంచండి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించడం నా పనే."

ఎనిమిదింటికే తీశాను. ఆమె డ్రాయింగులు నేలమీద పరిచింది. ఆరువందల పన్నెండు చిన్న గుండీలు, ఒక్కోదాని కన్నాలతో సహా. తను చూసి చెప్పడం, నేను వెతికి నిచ్చెనెక్కి పెట్టడం. నాన్న మాకు టీ ఇచ్చి, తను ఉంటే మేము కంగారు పడతామని బాబాయి కొట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

"మూడో వరస, ఏడోది. తెలుపు, అంచు మీద గీత."

"దొరికింది."

"అది కాదు, దానికి గీత లేదు. మీకు గుండీలు తప్ప ఇంకేం గుర్తుండవన్నారుగా మీ నాన్నగారు?"

"మీరు ఎదురుగా ఉంటే అవి కూడా గుర్తుండట్లేదండీ."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె తల ఎత్తలేదు. "ఎనిమిదోది" అంది.

మధ్యాహ్నానికి పదో వరసకి వచ్చాం. చేతులు లాగేస్తున్నాయి. లేబుళ్ళు పీకి పీకి నా గోళ్ళు అరిగిపోయాయి. ఇంత తిప్పలు పెట్టినవాడికి నిజం ఒప్పుకునే బాధ్యత కూడా ఉంటుందనిపించింది.

"ఒకటి చెప్పనా? నవ్వకూడదు. ఆ నాలుగు రోజులూ మీరు నాకోసం వస్తున్నారనుకున్నాను. రోజూ తల దువ్వుకున్నాను."

నవ్వింది. గట్టిగానే నవ్వింది. తర్వాత పెన్సిల్ మొన చూసుకుంటూ అంది, "గోడకి రెండు రోజులు చాలు."

నిచ్చెన మీద నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది.

"మరి నాలుగు రోజులు...?"

"అదే చెప్తున్నాను. రెండు చాలు."

నా చేతిలో రెండు సొరుగులున్నాయి. ఎక్కడో పెట్టాను. నిచ్చెన దిగానో దూకానో గుర్తులేదు.

"అయితే... అంటే... మీరు..."

"పదకొండో వరస" అంది చెవుల దాకా ఎర్రబడి. "ముందు పని చూడండి."

సోమవారం కమిటీ వచ్చింది. ఇద్దరు. పెద్దాయన కోటు చేతి గుండీ ఒకటి ఊడి ఉంది. "దీనికి జత ఉందా?" అన్నాడు. నాన్న ఆయన్ని కూర్చోమంటూనే వెనక్కి చెయ్యి చాపాడు. సొరుగు వచ్చింది. అదే గుండీ. రెండో ఆవిడ తన చొక్కా చూపించింది. అదీ దొరికింది. నాన్న భుజాలు నెమ్మదిగా పాత ఎత్తుకి వచ్చాయి. నేను ఊపిరి పీల్చుకుంటుండగా పెద్దాయన "పసిపిల్లల స్వెట్టరుకి?" అన్నాడు.

నాన్న లాగాడు. అందులో పోలీసు యూనిఫాం గుండీలున్నాయి.

ఆమె నోట్‌బుక్‌లో తల దూర్చేసింది. నేను పైకప్పు వైపు చూశాను.

నాన్న ఆ సొరుగు మూసి, పక్కది తెరిచి బాతుపిల్లల గుండీలు తీశాడు. "ఇది మావాడు పెట్టింది లెండి" అన్నాడు తాపీగా.

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. నా వైపు తిరిగి "నీకీ గోడ రావడానికి ఎన్నాళ్ళు పడుతుందోయ్?" అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళు పడుతుంది సార్. నా సంగతి చూస్తే ఇంకో పది వేసుకోండి."

"అయితే నలభై ఏళ్ళు కొట్టు ఉండాలన్నమాట" అని రాసుకున్నాడు.

రెండు వారాల తర్వాత జాబితా వచ్చింది. అందులో మా కొట్టుంది, బాబాయిది కూడా ఉంది. ఆ కాగితం పట్టుకుని తనే వచ్చింది. మెడలో ఐడీ కార్డు లేదు. సర్వే అయిపోయింది, ఇక ఆఫీసు పని కాదు. బయట వాన మాత్రం మొదటిరోజులాగే ఉంది.

నాన్న కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మాయ్, పదో వరసలో ఏమైంది ఆ రోజు?" అన్నాడు.

"ఏ... ఏ రోజంకుల్?"

"ఆరువందల పది సరిగ్గా పెట్టి రెండు మాత్రం తారుమారు చేశారు. ఆ టైములో మీరిద్దరూ పనిమీద లేరని నాకు తెలియదా?"

బాబాయి మిషను మళ్ళీ ఆగింది.

నాన్న లేచాడు. కత్తెర తీసుకుని, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి తనే నిచ్చెనెక్కాడు. పన్నెండో వరసలో కొమ్ము గుండీ దారం కత్తిరించాడు. దిగి వచ్చి గుండీని బల్లమీద పెట్టాడు.

"నాన్నా, అది ఆఖరిది" అన్నాను.

"నాకు తెలుసు."

ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. "అంకుల్, మీ అల్లుడుగారికి ఎప్పుడిచ్చానన్నారు?" అంది, వినపడీ వినపడనట్టు.

"సంబంధం ఖాయమైన రోజు సాయంత్రం." నాన్న గడియారం చూశాడు. "అయిదున్నర. సాయంత్రం కిందే లెక్క. నీకిష్టమైతేనే అమ్మా. సరేనంటే రేపు మీవాళ్ళతో వచ్చి మాట్లాడతాను. కాదంటే మళ్ళీ కుట్టేస్తాను, నాకేం శ్రమ లేదు."

ఆమె నావంక చూసింది. ఈసారి నేను మొహమే చూశాను, పూర్తిగా. గుండీలు ఎన్నో ఏమిటో నిజంగా చూడలేదు.

ఆమె కోటు విప్పి బల్లమీద పెట్టింది.

"దారం ఆకుపచ్చది వాడండి" అంది.

నాన్న సూది నా చేతికిచ్చాడు. రెండు నిమిషాల పనికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, వేలికి మూడుసార్లు గుచ్చుకుంది. ఆమె పక్కన కూర్చుని "ఇంకొంచెం గట్టిగా" అంటూనే ఉంది.

కోటు నుంచి విప్పిన నీలం ప్లాస్టిక్ గుండీని నాన్న పారెయ్యనివ్వలేదు. పన్నెండో వరసలో ఖాళీ అయిన సొరుగు మొహాన దాన్ని కుట్టమన్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరడిగినా ఇవ్వం.