నురుంజీ దురదకు కారణం

ఏప్రిల్ పదకొండు, ఉదయం తొమ్మిదింబావు. ఇంజె అనే కొండ ఊళ్లో సన్నని వాన, గాలి లేదు, చలి ఆరు డిగ్రీలు. ఒక చంకలో నురుంజీ అనే గోధుమరంగు కుక్కనూ, మరో చంకలో డాగ్ ఫుడ్ సంచినీ ఇరికించుకొని ఒక యువకుడు పశువైద్యశాల తలుపును మోచేత్తో నెట్టాడు. పేరు తక్ హన్‌గ్యోల్. ఊరి చివర షెడ్డులో డాగ్ ఫుడ్ తయారీ ఆ ఏడాదే మొదలుపెట్టాడు.

డాక్టర్ మో యూన్‌సోల్ కుక్క కంటే ముందు సంచిని అందుకొని చూసింది. కుక్కల ఆహారం మీదే పరిశోధన చేసినందువల్ల, సంచి వెనుక చిన్న అక్షరాలు కనబడితే చదవకుండా ఉండడం ఆమెకు సాధ్యమయ్యేది కాదు.

"మొదటి పదార్థం కోడిమాంసమా?"

"అవునండీ! అన్నిటికంటే ఎక్కువ అదే."

"పచ్చిగా తూచారు కదా? అందులో ముప్పాతిక వంతు దాకా నీళ్లే. ఆరాక ఎంత మిగులుతుంది?"

అతను తల గోక్కున్నాడు. కుక్క చెవి గోక్కుంది.

"ఆ తర్వాత మొక్కజొన్న పిండి, మొక్కజొన్న రవ్వ, మొక్కజొన్న గ్లూటెన్. ముగ్గురూ అక్కచెల్లెళ్లేగా! ఒకచోట చేరిస్తే కోడిని తోసేసి ముందు వరసలో కూర్చుంటారు."

"వచ్చినవాళ్లందరినీ ఇలాగే పలకరిస్తారా, డాక్టరుగారూ?"

"మందులు తెచ్చేవాళ్లను ఇంకా ఘోరంగా పలకరిస్తా. కుక్కను బల్ల మీద పెట్టండి."

నురుంజీ పొట్ట కింద చర్మం ఎర్రగా కమిలి, అక్కడక్కడా బొచ్చు ఊడిపోయి ఉంది.

"చలికాలం నుంచీ ఇంతే. ఇది తినేది నా ఫుడ్డే," అన్నాడు హన్‌గ్యోల్. అతని నవ్వు ఆగిపోయింది. "తప్పు దానిదే అని తేలితే షెడ్డుకు తాళం వేస్తానండీ. నా కుక్కకే పడని తిండిని ఊళ్లోవాళ్లకు ఎలా అమ్మను?"

యూన్‌సోల్ స్వరం మెత్తబడింది. "అయితే తేల్చుదాం. ఇది ఎప్పుడూ తినని మాంసం పెట్టి చూడాలి. రెండు నెలలు కుందేలు మాంసం, బంగాళాదుంప. ఇంకేమీ వద్దు. బిస్కెట్టు కూడా."

"కుందేలా! ఇది నాకంటే గొప్పగా తింటుందన్నమాట."

"మీరూ గోక్కోండి, మీకూ రాసిస్తా."

వారానికోసారి అతను కుక్కను చూపించడానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కొవ్వు ఎంతుండాలి, కాల్షియం ఎంతుండాలి అని అడిగేవాడు. మే నెలలో ఒకరోజు కుక్క లేకుండానే వచ్చాడు.

"నురుంజీ ఏది?"

"నిద్రపోతోందండీ."

"మరి మీకేం జబ్బు?"

"అది మీరే చెప్పాలి."

ఆమె కిటికీలోంచి వానను చూసింది. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చూసింది.

రెండు నెలలు గడిచినా దురద తగ్గలేదు. ఇందుకు కారణాలు రెండే ఉండాలి: హన్‌గ్యోల్ ఫుడ్డు నిర్దోషి కావాలి, లేదా కుక్క చాటుగా మరేదో తింటూ ఉండాలి. యూన్‌సోల్ రెండోదాన్నే అనుమానించింది.

"మీ ఫుడ్డు మీద మమకారం కొద్దీ రెండు పలుకులు వేస్తున్నారా ఏమిటి?"

"నన్ను అంత తేలిగ్గా అంచనా వేశారా?" హన్‌గ్యోల్ మొహం ఎర్రబడింది. "వేరే ఏమీ పెట్టలేదు, ఒట్టు!" అని గొడుగు కూడా మరిచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం ఆ గొడుగు తీసుకొని ఆమే వాళ్లింటికి వెళ్లింది. వంటింట్లో అతని నానమ్మ, మంచుగాలిలో ఎండిన హ్వాంగ్‌తే చేపను ఉడికించి, ఆ చారును కుక్క గిన్నెలో వంపుతోంది.

"ఇదేమిటి నానమ్మగారూ?"

"చారేనమ్మాయ్. జనవరిలో దానికి జలుబు చేసింది. అప్పట్నించీ రోజూ పోస్తున్నా. ఉప్పంతా కడిగేశాలే, భయపడకు."

"నానమ్మా! ఏమీ పెట్టొద్దన్నానుగా!" హన్‌గ్యోల్ పరుగెత్తుకొచ్చాడు.

"తిండి పెట్టొద్దన్నావు. ఇది తిండేమిట్రా? మందు! రోజూ చూస్తూనే ఉన్నావుగా, అప్పుడేమైంది నీ నోరు?"

అతను డాక్టరు వైపు తిరిగాడు. "నిజమే. నాకూ అది తిండని తోచలేదండీ."

నీరసించిన కుక్కకు యూన్‌సోల్ పెరిగిన ఇంట్లోనూ ఆ చారే కాచేవారు. బిస్కెట్టు గురించి హెచ్చరించిన మనిషి చారు గురించి అడగకపోవడానికి కారణం అదే: ఆ ఊళ్లో ఎవరూ దాన్ని తిండి కింద లెక్కవేయరు.

"తప్పు నాది. మిమ్మల్ని అన్యాయంగా అనుమానించాను," అంది.

"అనుమానించినా పర్వాలేదు. గొడుగు తెచ్చారుగా."

చారు ఆపాక నెలలో కొత్త బొచ్చు వచ్చింది. హన్‌గ్యోల్ ఫుడ్డు మళ్లీ పెట్టి చూశారు. వారాలు గడిచినా దురద రాలేదు. ఒక చెంచా చారు పోశారు. మర్నాటికల్లా చెవి గోకుడు మొదలైంది. కారణం తేలిపోయింది. ఆ మాట చెప్పడానికి యూన్‌సోల్ హన్‌గ్యోల్ ఇంటికి వెళ్లింది.

"అయితే నా ఫుడ్డు నిర్దోషి?"

"దురద విషయంలో. అక్కచెల్లెళ్ల విషయంలో కాదు."

అతను కొత్త సంచిని ముందుకు తోశాడు. మొక్కజొన్న అంతా ఒకే పేరుతో, అన్నిటికంటే పైన ఉంది. "అమ్మకం తగ్గుతుందేమో. కానీ మీరు మొదటిసారి చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మీరు రోజూ చదివే ఇంట్లో ఇలాంటి సంచే ఉండాలి."

"రోజూ అంటే?"

"రోజూ అంటే రోజూనే, యూన్‌సోల్‌గారూ. ఇక కుక్క సాకు కూడా లేదు నాకు."

"సాకు లేకుండా రావడం నేర్చుకోండి," అందామె, నవ్వు దాచుకోకుండా.

వంటింట్లోంచి నానమ్మ కేకేసింది: "ఏది మందో ఏది తిండో నాకే నేర్పిన పిల్లరా! వదిలావంటే నిన్ను ఇంట్లోకి రానివ్వను!"

మరుసటి శరత్తులో వాళ్ల పెళ్లి జరిగింది. నాలుగేళ్ల తరువాత, ఫుడ్డు తయారీకి షెడ్డు చాలక, ఇద్దరూ వొన్‌జు పట్నానికి మారారు.