సుక్కి ఒప్పుకోలు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం, సూర్యాపేట మిషన్ బంగళాలో రాందాస్ సారు అమెరికా సాహిత్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఇంకా కాలిన దూలాలు మార్చుకోని ఇళ్లున్నాయి. అట్లాంటి ఊరికి మూడు వందల ఏళ్ల కిందటి అమెరికా పాదిరీల ప్రసంగాలు ఎందుకని సరోజన అడగలేదు. ఎందుకో ఆమెకు తెలుసు. దేశం విడిచిపోతూ మిషన్ నడిపిన అమెరికా దొర ఒక పెట్టెడు పుస్తకాలూ ఒక మాటా వదిలిపోయాడు. ఆ పుస్తకాలు చదివి అందరికన్నా బాగా రాసినవాళ్లకు మద్రాసు కాలేజీలో సీటు, హాస్టలు ఖర్చు. రాందాస్ సారు ఉత్తరం రాసిస్తే చాలు.

మొదట ఏడుగురు చేరారు. నెల తిరిగేసరికి ఇద్దరు మిగిలారు. ఒకడు మిర్యాలగూడ షావుకారు కొడుకు వెంకటేశం. ప్రతి పేజీని ఎక్కాల్లాగా ఊగుతూ బట్టీ పట్టేవాడు. రెండోది సరోజన. ఆమె ఏ బడికీ పోలేదు. తల్లి నర్సమ్మ మిషన్ దవాఖానలో వార్డులు ఊడుస్తుంటే, మందుసీసాల మీద చీటీలు చదివి ఇంగ్లీషు నేర్చుకుంది. అందుకే బడికి పోయి కూడా ఏమీ రానివాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

రాందాస్ సారు అన్నా అంతే. కోదాడ మనిషి, బెజవాడ కాలువలు తప్ప నీళ్లు చూడనివాడు, ఓడల్లో అమెరికా చేరిన ఆ తొలి తెల్లవాళ్ల గురించి చెప్పేటప్పుడు సముద్రం ఒడ్డున నిలబడ్డట్టు కళ్లు మూసుకునేవాడు. ఇక ఆ తెల్లవాళ్లయితే మరీ! ఆవు చచ్చినా తమ పాపమే, పిడుగు పడ్డా తమ పాపమే. దేవుడికి వేరే పని లేనట్టు రోజూ వాళ్ల వంటింట్లోకే తొంగిచూస్తుంటాడట.

"వాళ్ల సంఘంలో చేరాలంటే అందరి ముందు నిలబడి తన తప్పు మొదట్నుంచీ చెప్పుకోవాలమ్మా," అన్నాడు సారు ఒకరోజు. "మన దొరలు ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చారు. చెప్పడం అయ్యాక కూర్చున్నవాళ్లంతా 'విన్నాం' అనాలి. అనేదాకా ఆ మనిషి నిలబడే ఉండాలి. మీరూ అట్లాంటిదొకటి ఇంగ్లీషులో రాసుకొచ్చి, నిలబడి చదవండి. ఎవరి తప్పు వాళ్లదే సుమా. ఉత్తరం దాన్నిబట్టే."

సరోజన నాలుగు రోజులు ఆలోచించింది. రాయదగ్గ తప్పు తనలో ఒక్కటీ కనపడలేదు. అయిదోరోజు బంగళా అలమారలో చెదలు తిన్న సంఘం పుస్తకం దొరికింది. ముప్పై ఏళ్ల కిందట చదువురాని వాళ్లు నోటితో చెప్పిన ఒప్పుకోళ్లు, పాదిరి చేతిరాతలో. కల్లు తాగిన, కోడిని దొంగిలించిన, అత్తను తిట్టిన. ప్రతిదాని కిందా 'విన్నాం' అని రాసి ఉంది. ఒక్కదాని కింద లేదు. అది సుక్కి అనే ఆమెది.

"నా చెల్లెకు పెద్దజ్వరం వచ్చింది. నా పిల్లలకు అంటుతదని బయట పెట్టి తలుపేసిన. గడప మీద పండుకొని తలుపు కింద కొట్టింది. అక్కా అన్నది. నేను తీయలె. రెండోనాడు గూడ కొట్టింది. మూడోనాడు కొట్టలె."

ఆ కింద ఇంకో వాక్యం ఉంది. చదవగానే సరోజన మూతి విరిచింది. బంగారంలాంటి కథ, చివర్లో పిచ్చిమాట కలిపి చెడగొట్టింది మొద్దు మనిషి! ఆ వాక్యాన్ని వదిలేసి, మిగతాదంతా ఇంగ్లీషులోకి తిప్పింది. పైన సుక్కి పేరున్న చోట తన పేరు పెట్టింది. ఆమెకు తోడబుట్టినవాళ్లెవరూ లేరు. అయితేనేం? కాయితానికేం తెలుస్తుంది?

చదివే రోజు మిట్టమధ్యాహ్నం. బయట వడగాలి తెల్లగా మండుతోంది. లోపల అన్ని తలుపులూ మూసి, కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి, వాటి మీద కావలి మట్టయ్య నీళ్లు చల్లాడు. బల్ల మీద చిన్న దీపం తప్ప గదంతా బావిలోపలి చీకటి. తడిసిన వేళ్ల వాసన, దాని కింద పాత కాయితాల వాసన, ఇంకా కింద గబ్బిలాల కంపు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం గుర్తుపట్టడానికి కొంతసేపు పడుతోంది. తడకల నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. టప్... టప్...

ముందు వెంకటేశం చదివాడు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించాడట. సరోజనకు నవ్వు ఆగలేదు.

తర్వాత ఆమె నిలబడింది. గొంతు బాగా పలికింది. 'నేను తలుపు తీయలేదు' అన్నచోట కావాలనే ఆగింది కూడా. ఆ ఆగినప్పుడే వినిపించింది.

టక్. టక్.

బయటి తలుపు. మనిషి నిలబడి కొట్టే ఎత్తులో కాదు. కింద. గడపకు ఆనుకొని.

"కుక్క," అన్నాడు వెంకటేశం. ఎవరూ అడక్కుండానే.

ఆమె చదవడం ముగించింది. 'విన్నాం' అనాలన్న సంగతి రాందాస్ సారు తనే చెప్పి తనే మర్చిపోయాడు. "ఫస్ట్ క్లాస్ అమ్మా, ఫస్ట్ క్లాస్," అని కళ్లు తుడుచుకొని, దీపం దగ్గరికి లాక్కొని అక్కడికక్కడే ఉత్తరం రాసి, అంటించి, ఆమె చేతిలో పెట్టాడు. వెంకటేశం పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. విన్నామని అతనూ అనలేదు.

అప్పుడు, తలుపు కింది సందులోంచి, ఎండిపోయిన గొంతు...

"విన్న... అక్కా."

సరోజన ఇద్దరి వైపూ చూసింది. సారు కలం తుడుస్తున్నాడు. వెంకటేశం పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

తలుపు తీసేసరికి గడప దగ్గర ఎవరూ లేరు. వరండా దుమ్ములో, ఎవరో పొట్ట మీద పాక్కుంటూ వచ్చినట్టు ఒక చార, మెట్ల నుంచి గడపదాకా. వెనక్కి పోయిన చార లేదు. కొంచెం దూరంలో మట్టయ్య బకెట్ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"సుక్కిది సదివినవా బిడ్డా?"

"నీకెట్ల తెలుసు తాతా? ఇంగ్లీషులో చదివిన."

"గా కొట్టుడు నాకెరుకే. ఆనాడు సుక్కి సెప్పినప్పుడు గూడ గట్లనే కొట్టింది." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఎవ్వలన్న విన్నమన్నరా?"

"లేదు."

"ఆనాడు గూడ ఎవ్వలనలె. నేను గూడ అనలె. సుక్కి నిలవడే ఉన్నది. మేమే లేసి పోయినం." బకెట్ కింద పెట్టాడు. "లోపలికి పో బిడ్డా. నేను సదివింది నాది కాదు, సుక్కిదని సారుకు సెప్పు. గంతే. సుక్కి సెల్లె సుక్కి కాడనే ఉంటది, నీ ఎంట రాదు."

సరోజన చేతిలో ఉత్తరం ఉంది. లోపల వెంకటేశం ఉన్నాడు. ఆ మాట చెబితే ఉత్తరం ఎవరి చేతికి పోతుందో ఆమెకు తెలుసు. బెల్లం దొంగ మద్రాసు పోతాడు. తను చీపురు పట్టుకుంటుంది.

"దయ్యాలకు గూడ ఇంగ్లీషు వస్తదా తాతా?" అని నవ్వి మెట్లు దిగింది. దిగేటప్పుడు ఆ చారను తొక్కకుండా దిగింది.

బజారులో మనిషి లేడు. వేపచెట్టు కింద ముంజలమ్మే సోమమ్మ ఒక్కతే కొంగు నెత్తిన కప్పుకొని కూర్చుంది.

"ఏం పిల్లా, గింత ఎండల! సెల్లెను జర నీడకు రమ్మనరాదు? పాపం, రాలేకపోతున్నది."

సరోజన వెనక్కి చూడలేదు. ఎండ తగిలి ముసలిదానికి మతి పోయిందనుకుంది. అడుగు పెద్దది చేసింది. వెనక దుమ్ములో ఏదో ఈడ్చుకుంటున్న చప్పుడు... ఆమె ఆగితే ఆగింది. ఆమె నడిస్తే నడిచింది. చివరికి సరోజన పరుగెత్తింది. ఇంట్లోకి దూరి తలుపేసి గొళ్లెం పెట్టింది.

చల్లటి చీకటి. జొన్నగట్క వాసన. నర్సమ్మ పొయ్యి దగ్గర కూర్చొని ఉంది. ముందు రెండు కంచాలు. రెండింట్లోనూ గట్క పోసి ఉంది. దవాఖానకు పోయిన రోజు నర్సమ్మ ఎప్పుడూ అక్కడే తిని వస్తుంది, ఇంట్లో తినేది సరోజన ఒక్కతే.

"రెండెందుకే అమ్మా?"

"ఎందుకేంది? నువ్వు, పుష్ప."

"పుష్ప ఎవరు?"

"పరాచికాలొద్దు. కాళ్లు కడుక్కో పో. సెల్లె ఏదే? నీ ఎనకనే వస్తుండె గద?"

టక్. టక్.

తలుపు కింద.

"అగో వచ్చింది," అని నర్సమ్మ లేవబోయింది. సరోజన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తీయకు... అమ్మా, నీకు దండం పెడ్త. తీయకు."

"నీకేమైందే? ఎండల పిల్ల మాడిపోతది."

"తీయకు."

టక్.

ఇప్పుడు కూడా పరుగెత్తుకుంటూ పోయి చెప్పొచ్చు. సారు ఇంకా బంగళాలోనే ఉంటాడు. నాది కాదని ఒక్కమాట. కాని పోవాలంటే ఆ తలుపే తీయాలి. తీసి, ఆ గడపే దాటాలి. సరోజన కదలలేదు. రేపు తెల్లారి కోదాడ మీదుగా బెజవాడ బస్సు, అక్కణ్నుంచి మద్రాసు రైలు... ఆ ఒక్క ఆలోచనను పట్టుకొని నిలబడింది.

చప్పుడు ఆగిపోయింది.

ధైర్యం కోసం కవరు చించి ఉత్తరం విప్పింది. రాందాస్ సారు గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు. అమ్మాయి తెలివైనది, పేదది, స్వయంగా చదువుకుంది... ఆ కింది వాక్యం దగ్గర కళ్లు ఆగిపోయాయి. 'అక్కాచెల్లెళ్లు ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు. దయచేసి ఇద్దరికీ ఒకే గది ఇప్పించగలరు.'

తలుపు వైపు చూసింది. గొళ్లెం పెట్టినది పెట్టినట్టే ఉంది. అప్పుడు గుర్తుకొచ్చింది, సుక్కి చెప్పిన పిచ్చిమాట. తను వదిలేసిన చివరి వాక్యం.

'నేను తలుపు తీయలె, అయినా లోపలికొచ్చింది.'

పొయ్యి దగ్గర నర్సమ్మ, తలుపు సంగతే మరిచిపోయినట్టు, రెండో కంచం వైపు తిరిగి విసనకర్ర ఊపుతోంది.

"మెల్లగ తిను బిడ్డా... గొంతుల అడ్డం పడ్తది."