అరవై నాలుగు కిలోబైట్ల అబద్ధం

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కార్ఖానా మెయిన్ రోడ్డు మీద ఒక నీళ్ల ట్యాంకర్ మధుసూదన్ స్కూటర్‌ని వెనకనుంచి గుద్దింది. అంతటితో ఆగలేదు. రివర్స్ చేసి రెండోసారి ఎక్కించి మరీ పోయింది. చూసినవాళ్లు పదిమంది, నంబరు రాసుకున్నవాడు ఒక్కడూ లేడు. పోలీసులు మాత్రం కాగితం మీద చక్కగా 'ప్రమాదం' అని రాసుకున్నారు.

ఏజెంట్ లోవరాజు ఆసుపత్రికి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. నర్సు అతని చేతిలో మధుసూదన్ జేబులో దొరికిన కాగితం పెట్టింది. సస్పెన్షన్ ఆర్డర్. 'దేశ రహస్యాలు బయటికి చేరవేశాడన్న అనుమానంపై' అని ఉంది. కింద సంతకం తమ చీఫ్ రామభద్రరావుది. పదకొండేళ్లు పక్కపక్క కుర్చీల్లో పనిచేసిన స్నేహితుడు ద్రోహి అన్న ముద్రతో చచ్చిపోయాడు. లోవరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రమే చిలకలగూడలో, కాంతమణి లేడీస్ టైలర్స్ పై అంతస్తులో బ్రీఫింగ్. కింద మిషన్లు టకటకలాడుతుంటే పైన దేశ భద్రత మాట్లాడుకోవడం ఆ డిపార్ట్‌మెంట్‌కి అలవాటే.

బొల్లారంలో 'గగనదీపం' అనే కొత్త విమాన నియంత్రణ కేంద్రం తయారైందని, గురువారం మధ్యాహ్నం దాని ట్రయల్ అని చీఫ్ చెప్పాడు. శిక్షణలో ఉన్న నలుగురు పైలట్లు కాక్‌పిట్ అద్దాలకు తెరలు కట్టుకుని నాలుగు విమానాల్లో ఎగురుతారు. కిందనుంచి కంప్యూటర్ ఏం చెబితే అదే వాళ్ల చూపు. సిల్వర్ రింగ్ అనే విదేశీ ముఠా తన సొంత సిస్టమ్‌ని మనకి అంటగట్టాలని చూస్తోంది. అందుకు ఈ ట్రయల్ చెడాలి.

"మధు మీకు రిపోర్ట్ రాశాడు కదండీ," అన్నాడు లోవరాజు.

రాశాడు. ఆ కంప్యూటర్లలో ఉన్నవి మనం ఆర్డరిచ్చిన ఖరీదైన ప్రాసెసర్లు కావని రాశాడు. ఇంకా మార్కెట్లోకి రాని ఒక బడ్జెట్ చిప్‌ని ముఠా ముందే సంపాదించి, దాని మీది లేబుల్ గీకేసి, కొత్తది అచ్చేసింది. అసలు వేగం ఆరు వందల మెగాహెర్ట్‌జ్. ఓవర్‌క్లాక్ చేసి తొమ్మిది వందలకి ఎక్కించారు. చౌకదే అయినా ఆ చిప్‌కి సత్తా ఉంది, చల్లగా ఉన్నంతసేపు లాగుతుంది. వేడెక్కితే బిగుసుకుపోతుంది. ఇదంతా రాసినందుకే అతన్ని సస్పెండ్ చేశారు.

"టెక్నికల్ అడ్వయిజర్ స్వర్ణలత సర్టిఫై చేసింది లోవరాజూ. ఆవిడ సింగపూర్‌లో చదువుకుంది."

"మధు వరంగల్‌లో చదువుకున్నాడండి. అదేనా తేడా?"

చీఫ్ రుజువు తెమ్మన్నాడు. దొరికితే ఫోన్లో 'ఆవకాయకి నూనె తక్కువైంది' అనాలి. ఆ డిపార్ట్‌మెంట్ కోడ్ మాటలన్నీ భోజనం చుట్టూనే తిరుగుతాయి, బుర్రలు మాత్రం ఎటూ తిరగవు.

గురువారం. మే నెల. బొల్లారం రోడ్లమీద తారు చెప్పులకి అంటుకుంటోంది. లోవరాజు ఖాకీ బట్టలు, పెట్టుడు మీసాలతో ఏసీ మెకానిక్‌గా గగనదీపంలోకి వెళ్లాడు. చేతిలో టిఫిన్ క్యారియర్. కింది గిన్నెకి దొంగ అడుగు, దాని కింద ఒక ఫ్లాపీ. మధుసూదన్ ఆఫీసు సొరుగులో దొరికిన ఆ ఫ్లాపీలో అతను రాసిన చిన్న ప్రోగ్రాం ఉంది.

స్వర్ణలత మూడుసార్లు అతని పక్కనుంచే నడిచింది. నెమలికంఠం రంగు పట్టుచీర, తలమీద నల్ల కళ్లద్దాలు, మనిషికన్నా ముందు వచ్చే సెంటు వాసన. లోవరాజుతో డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఆరుసార్లు టీ తాగిన మనిషి. అయినా గుర్తుపట్టలేదు. మెకానిక్ మొహం చూసే అలవాటు ఆమెకి లేదు.

హాలు ఊడ్చే దేవమ్మని పలకరించాడు లోవరాజు. ఏసీలు ఎలా పనిచేస్తున్నాయని అడిగాడు.

"ఏసీలు మంచిగనే ఉన్నయి బిడ్డా. గీ కంప్యూటర్లే అన్నం యాళ్లకు మొండికేస్తయి," అంది దేవమ్మ. "ఒంటిగంటకు అందరు తినవోతరు. కరెంటు ఆగం చెయ్యొద్దని సర్కులర్ ఉంది గద, నేను ఏసీలు బంద్ చేస్త. సార్లు రెండింటికి అచ్చి జూస్తే తెరలన్ని నల్లగ. గా మేడమేమో పొద్దుగాలనే టెస్టులు జేసుకోని పోతది. మధుసూదన్ సారు ఒక్కడే అడిగిండు, రాసుకుండు."

లోవరాజు చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ముఠా ఎత్తు అతనికిప్పుడు పూర్తిగా అర్థమైంది. బాంబులూ తుపాకులూ అక్కర్లేదు. విమానాలు గాల్లో ఉండగా ఏసీ ఆపేస్తే చాలు. ఆ ముఠా ప్రపంచాన్నంతా లెక్కగట్టింది గానీ, భోజనానికి లేస్తూ స్విచ్ కట్టేసే మన ఆఫీసుల పొదుపుని లెక్కగట్టలేదు. దేవమ్మ రోజూ తెలియకుండానే ఆ కుట్రకి రిహార్సల్ చేయించింది. దాన్ని చూసినందుకు మధుని ట్యాంకర్ కింద వేసి తొక్కించారు. లోవరాజు పళ్లు పటపట కొరికాడు.

పన్నెండున్నరకి నాలుగు విమానాలూ గాల్లోకి లేచాయి. అందరూ హాలు ముందువైపు పెద్ద తెర చూస్తున్నారు. లోవరాజు వెనక గదిలో ఖాళీగా ఉన్న మెషిన్‌లో ఫ్లాపీ పెట్టాడు. తెర మీద 'తొమ్మిది వందల మెగాహెర్ట్‌జ్, క్యాష్ రెండు వందల యాభై ఆరు కిలోబైట్లు' అని దర్జాగా వచ్చింది. ఆ అంకెలు ముఠా నేర్పినవి.

క్యాష్ అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ. పొయ్యి పక్కన పోపుల పెట్టెలాంటిది. అందులో ఉన్నంతవరకు పని చకచకా సాగుతుంది, లేని సరుకు కోసం కొట్టుకి పరిగెత్తాల్సిందే. మధు ప్రోగ్రాం పని పెంచుకుంటూ పోయి ఎక్కడ వేగం పడిపోతుందో చూస్తుంది. ముప్పై రెండు కిలోబైట్లు, బాగానే ఉంది. అరవై నాలుగు, బాగానే ఉంది. ఆ పైన ఒక్క అడుగు వెయ్యగానే వేగం ధబీమని పడిపోయింది. పోపుల పెట్టె అడుగు తేలిపోయింది, ఉన్నది అరవై నాలుగే. అంకెలు ఎన్ని మార్చినా చిప్‌లో లేని క్యాష్‌ని ఎవడూ తెచ్చిపెట్టలేడు.

వెనకనుంచి సెంటు వాసన. ఏసీ శబ్దం అప్పటికే ఆగిపోయి ఉంది.

"మెకానిక్‌కి ఫ్లాపీతో పనేంటి?" స్వర్ణలత అరచేతిలో చిన్న పిస్తోలు. "ఏసీ రూం తాళంలో కీ విరగ్గొట్టాను. ఇంకో రెండు నిమిషాలు, అంతే. సర్కారు నిర్లక్ష్యం అని పేపర్లో వస్తుంది."

"మధుని ఎందుకు చంపించావు?"

"క్యాష్ సైజ్ కొలవడం తెలిసినవాడు అతనొక్కడే. బ్యాడ్ లక్."

ఆ రెండు మాటలకి లోవరాజు ఒళ్లంతా భగ్గుమంది. ఆమె చేతిలో ఉన్నది పిస్తోలని తెలిసినా ఒక అడుగు ముందుకే వేశాడు. ఆమె వేలు బిగిసింది. అప్పుడే తలుపు తోసుకుని దేవమ్మ వచ్చింది.

"ఏసీ ఎవలు బంద్ చేసిన్రు? ఇంక ఒంటిగంట కాలేదు గద."

స్వర్ణలత తల తిరిగింది. లోవరాజు విసిరిన టిఫిన్ క్యారియర్ నేరుగా ఆమె మణికట్టుకి తగిలింది, పిస్తోలు కింద పడింది. దేవమ్మ దానిమీద కాలేసి నిలబడి, మేడంగారి జడ చేతికి చుట్టేసుకుంది. లోవరాజు హాల్లోకి పరిగెత్తాడు.

అప్పటికే పెద్ద తెర కదలడం మానేసింది. కంట్రోలర్ కుర్రాడి పేరు తిరుమల, ఊరు తుని. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"రెండో విమానం, మూడోది ఎదురెదురుగా వస్తున్నాయండి. రేడియో కూడా ఈ మెషిన్ మీదే. తొంభై సెకన్లు ఉన్నాయి, ఎక్కువ లేవు."

లోవరాజు మెయిన్ మెషిన్ ప్లగ్ పీకేశాడు. ఎవరో వద్దని అరిచారు. మూత ఊడదీశాడు, లోపల వేడి మొహానికి కొట్టింది. మదర్‌బోర్డ్ మీద వేగం నిర్ణయించే జంపర్ అనే చిన్న తొడుగుని తొమ్మిది వందల నుంచి తీసి ఆరు వందల దగ్గర గుచ్చాడు. ప్లగ్ పెట్టాడు.

మిగిలింది నలభై సెకన్లు. నల్ల తెర. ఇరవై. అక్షరాలు. పదిహేను. విమానాలు నత్తనడక నడుస్తూ తెరమీదికి వచ్చాయి. నత్తనడకే, కానీ ఆగలేదు.

"మూడో నంబర్, ఐదు వందల అడుగులు పైకి. వెంటనే," అన్నాడు తిరుమల.

రెండు చుక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, మళ్లీ విడిపోయాయి. లోవరాజు వేడి క్యాబినెట్‌కి ఆనుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి నాలుగు విమానాలూ దిగాయి. చీఫ్‌కి ఫోన్ చేసి ఆవకాయకి నూనె తక్కువైందని చెప్పి, మిగతాదంతా పచ్చి తెలుగులో చెప్పాడు. స్వర్ణలత నోరు విప్పాక, సాయంత్రానికి ముఠా మనుషులు మరో ముగ్గురు, ట్యాంకర్ డ్రైవరు దొరికారు.

తర్వాతి సోమవారం రామభద్రరావు ఎంతో ఉదారంగా ఒక ఆర్డర్ చేతికిచ్చాడు. మధుసూదన్ సస్పెన్షన్ రద్దు. మచ్చ పూర్తిగా తొలగించడమైనది. చివరి వాక్యం లోవరాజు రెండుసార్లు చదివాడు. 'సదరు ఉద్యోగి మూడు రోజుల్లోగా స్వయంగా విధుల్లో చేరవలెను. లేనియెడల క్రమశిక్షణా చర్య తీసుకొనబడును.'

"ఫార్మాట్ అంతేనయ్యా," అన్నాడు చీఫ్, కళ్లజోడు తుడుచుకుంటూ. "అతనికి చేరేలా చూడు."

లోవరాజు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చీఫ్ చొక్కా జేబులో భద్రంగా పెట్టాడు.

"ఆయన రాలేడండి. తమరే వెళ్లి అందజేసి రండి."