మూడో రోజు రావాల్సిన గాలి

ఆ ల్యాబులో ఆవిడది పదకొండేళ్ల సర్వీసు. గ్యాసు బావుల్లోంచి తీసిన షేల్ రాయిని బొటనవేలంత ముక్కగా కోసి, ఉక్కు గొట్టంలో బిగించి, ఒక చివర గ్యాసు తోసి, రెండో చివరికి ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చోవడం ఆవిడ పని. పలకలా నల్లగా ఉండే ఆ రాయి మహా పిసినారి. దాని సందులు మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవు. గ్యాసు అందులో దూరి బయటపడేసరికి మూడు రోజులు. నీళ్ల సంగతి సరేసరి. వెళ్లినవి చాలావరకు లోపలే ఉండిపోతాయి.

ఆ మధ్యాహ్నం బిగించిన ముక్క ఆవిడ అడిగి మరీ తెప్పించుకున్నది. ఆర్నెల్ల కిందట, అక్కడ పనిలో ఉన్న వాళ్ల అన్నయ్య ప్రాణం తీసిన బావిలోది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు తెప్పించుకుందో తనకే తెలీదు.

అందరూ బాబాయ్ అని పిలిచే ముసలి మెకానిక్ నట్లు బిగించి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంక మూడ్రోజులు ఈ మీటరు ముల్లు కదిలితే ఒట్టు. టీ తాగొస్తానమ్మాయ్."

కిటికీలు లేని గది. ఏసీ రొద. కొత్త రబ్బరు వాసన. ఆవిడ టైము రాసుకుని తలెత్తింది.

రెండో చివర మీటరు ముల్లు కదిలింది.

రాయి చిట్లిందేమో అనుకుంది. చిట్లితే ముల్లు లేచి అక్కడే నిలబడాలి. ఇది లేచింది... దిగింది... మళ్లీ లేచింది. గ్యాసు తోసే సిలిండరు కట్టేసింది. అయినా ఆగలేదు.

పొడుగ్గా ఒకటి. వెంటనే పొట్టిగా రెండు. కాస్త ఆగి, మళ్లీ పొడుగ్గా ఒకటి...

చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గదిలో పడుకునేవాళ్లు. అన్నయ్యది ఉబ్బసం. ఇదే వరసలో సాగే ఆ ఊపిరి వింటూనే ఆవిడ నిద్రపోయేది.

"అన్నయ్యా..." మీటరు దగ్గరికి వంగి పిలిచింది.

ముల్లు ఠక్కున ఆగింది. వింటున్నట్టు.

తర్వాత గిలగిల్లాడిపోయింది, ఊపిరాడని మనిషిలా. ఆవిడ చెయ్యి బయటికి వదిలే వాల్వు మీద పడింది. తిప్పితే లోపలున్నది గదిలోకొస్తుంది. తిప్పకపోతే... తిప్పింది.

ఉస్సుమంది. మణికట్టుకి గాలి తగిలింది. తను పంపింది పొడి గ్యాసు. ఇది తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

"ఏం చేస్తున్నావ్? కట్టెయ్!" బాబాయ్ పరుగున వచ్చి వాల్వు బిగించేశాడు. ముల్లు సున్నాకి పడిపోయింది.

"మా అన్నయ్య, బాబాయ్..." కూలబడి ఏడ్చింది. బావి సంగతంతా చెప్పేసింది.

ఆయన గుసగుసగా అడిగాడు.

"ఆ బావిలో ఎంతమంది పోయారమ్మా?"

"అన్నయ్య ఒక్కడే."

ఆయన ఆవిడ వైపు చూడటం లేదు. వెనక గోడవైపు చూస్తున్నాడు. ఆవిడ తిరిగి చూసింది. అరల నిండా ఆ ముక్కతోపాటు వచ్చిన అదే బావి రాళ్లు, ప్లాస్టిక్ కవర్లు చుట్టినవి. వాటికి ఏ పైపూ లేదు. కవర్లు రాళ్లకి అతుక్కుంటున్నాయి... ఉబ్బుతున్నాయి... దేని వేగం దానిది.

కింది వరసలో ఒకటి మాత్రం మరీ చిన్నగా, గబగబా... నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరిలా.