ఇరవైమూడు చేతులూ నాలుగు చేతులూ

"ఇంకో పేరు రాసుకో!" అన్నాడు రూఫస్ కిటికీలోంచి చూస్తూ. "సాయిలక్ష్మి వస్తుండాది. తొమ్మిదీ నలభై!"

ఏడో తరగతి లీడర్ ఫ్లోరా నోటుబుక్కులో ఆ పేరు రాసుకుంది. వరసగా ఇది నాలుగో రోజు. బయట ముసురు పట్టి ఉంది. సాయిలక్ష్మి తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె చేతుల నుంచి చేపల వాసన వస్తోందని ముందు బెంచీలో ఎవరో ముక్కు మూసుకున్నారు.

"వరండాలో నిలబడు" అంది ఫ్లోరా.

ఈ రూలు ఫ్లోరా పెట్టిందే. రేవతి టీచర్ ట్రైనింగుకని నెల్లూరు వెళ్తూ, "నేనొచ్చేదాకా క్లాసు నీది ఫ్లోరా" అని చెప్పి వెళ్ళారు. అంతే, ఆ పిల్లకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు రెండు పీరియడ్లు వరండాలో నిలబడాలంది. ఓటింగు కూడా పెట్టింది. సరేనని ఇరవైమూడు చేతులు లేచాయి. వద్దని లేచినవి నాలుగే. ఆ నలుగురూ సముద్రం ఒడ్డున ఉన్న పాలెం పిల్లలు. మిగిలినవాళ్ళంతా ఊరి పిల్లలు. వాళ్ళ ఇళ్ళు బడి పక్కనే. బెల్లు మోగాక అన్నం కంచం ముందు నుంచి లేచినా ప్రేయర్‌కి అందుకోగలరు.

ఓట్లతో గెలిచిన రూలు కదా, ఇందులో తప్పేముంది అనుకుంది ఫ్లోరా. ఆమె చెడ్డపిల్ల కాదు. ఒకటో తరగతి నుంచీ పక్కన కూర్చున్న స్నేహితురాలు సాయిలక్ష్మి పేరు కూడా దాచకుండా రాసే పిల్ల.

సాయిలక్ష్మి ఈసారి కదల్లేదు.

"రూలు పెట్టేది నువ్వే. పేరు రాసేది నువ్వే. శిక్ష వేసేదీ నువ్వేనా? నీకు చెప్పేవాళ్ళు ఎవురూ లేరా మే?"

క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫ్లోరాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎదురు మాట్లాడినావు కాబట్టి సాయంత్రం దాకా నిలబడు!"

ఆ మాట ఏ రూల్లోనూ లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఇక ఆమె ఆడింది ఆట, పాడింది పాట.

సాయిలక్ష్మి వరండాలో జల్లుకు తడుస్తూ మధ్యాహ్నం దాకా నిలబడింది. అన్నం బెల్లు కొట్టగానే సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు పాలెం పిల్లలు నలుగురూ రాలేదు.

సోమవారం రేవతి టీచర్ వచ్చారు. ఖాళీ బెంచీని చూసి, జరిగిందంతా విన్నారు. ఫ్లోరాను తిట్టలేదు. సాయంత్రం తనతో పాలెం రమ్మన్నారు.

సాయిలక్ష్మి అమ్మ ఆదిశేషమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది.

"ఇంక బడికి రాదులే టీచరమ్మా. రొయ్యల షెడ్డులో పనికి చెప్పి పెట్టినా. వచ్చే వారం నుంచి పోతాది."

ఫ్లోరా టీచర్ వెనక్కి జరిగింది.

"ఎందుకమ్మా అట్టా?" అన్నారు టీచర్.

"తెల్లారి పడవ ఒడ్డుకొస్తే ఇంటిల్లిపాదీ వలలో చేపలు తియ్యాల. ఐసు ఆటో పొయ్యేలోగా ఎక్కించకపోతే ఆ రోజు పస్తే. బిడ్డ ఆ పని చేసి, మూడు కిలోమీటర్లు పరిగెత్తి పోతే, మీరు వానలో నిలబెట్టినారు. అంత అగ్గవైపోయిందా, అంత చులకనైపోయిందా నా బిడ్డ?"

"నాకు తెలియదు పెద్దమ్మా" అంది ఫ్లోరా ఏడుపు గొంతుతో. "సాయిలక్ష్మి ఎప్పుడూ చెప్పలా."

"నువ్వెప్పుడన్నా అడిగినావా?" లోపలి నుంచి సాయిలక్ష్మి గొంతు వినిపించింది. మనిషి మాత్రం బయటికి రాలేదు.

ఇద్దరూ వెనక్కి బయలుదేరారు. దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు, పైన నల్లటి ఆకాశం.

"చట్టం చేసేది ఒకరు, అమలు చేసేది ఒకరు, తీర్పు చెప్పేది ఇంకొకరు. రాజ్యాంగంలో అట్టా ఎందుకు పెట్టినారు?" అని అడిగారు టీచర్.

"అధికార దుర్వినియోగాన్ని అరికట్టుటకు" అంది ఫ్లోరా. పరీక్షలో ఆ జవాబుకు ఆమెకు నిండా మార్కులు వచ్చాయి.

"పుస్తకంలో మాట కాదు నేనడిగేది. రాసినవాళ్ళు చెడ్డోళ్ళా?"

"కాదు టీచర్. మంచోళ్ళు."

"మంచోళ్ళకి కూడా ఒక రోజు కోపం వస్తుంది. అది వాళ్ళకు తెలుసు. అందుకే తమ చేతులు తామే కట్టేసుకున్నారు. తక్కువ మంది ఉండేవాళ్ళకి కూడా సభలో చోటుండాలన్నారు. ఇరవైమూడు చేతులు లేస్తే, ఆ నలుగురి కష్టం అబద్ధమైపోతుందా?"

ఫ్లోరా తల వంచుకుంది.

"తప్పు నాది కూడా" అన్నారు టీచర్ మెల్లగా. "క్లాసంతా నీ ఒక్కదాని చేతిలో పెట్టి పోయినా."

మర్నాడు ఫ్లోరా రూలు ఆపేసింది. "పాతది ఎట్టాగూ పోయింది. కొత్తది పెట్టుకుందాం, ఓటెయ్యండి" అన్నాడు రూఫస్. చేతులు లేవబోయాయి.

"వద్దు. పాలెం వాళ్ళు లేకుండా ఓటింగు లేదు" అంది ఫ్లోరా.

"వాళ్ళు రాకపోతేనో?"

ఆ సాయంత్రం ఒక్కతే పాలెం వెళ్ళి, మూసిన తలుపు బయట నిలబడి అదే మాట చెప్పి వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. బుధవారం బెంచీ ఖాళీ. గురువారమూ ఖాళీయే.

శుక్రవారం పది కావస్తుండగా నలుగురూ వచ్చారు. సాయిలక్ష్మి గుమ్మం బయటే ఆగింది.

"అమ్మ ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాది. తరువాత తెలియదు" అంది ముభావంగా. "రూలు మార్చినారా?"

"ఆపినాం. మార్చలేదు. మీరు లేకుండా ఎట్టా మారుస్తాం? లోపలికొచ్చి చెప్పు, నేను రాస్తా."

సాయిలక్ష్మి నవ్వలేదు. వచ్చి బెంచీ మీద కూర్చుంది కానీ, ఫ్లోరా పక్కన కాదు.

"పడవలొచ్చే రోజుల్లో మాకు పది దాకా టైమియ్యాల."

ఫ్లోరా రాసింది.

"పేరు రాసేవాళ్ళు శిక్ష వెయ్యకూడదు. అది టీచర్ చూసుకోవాల."

ఫ్లోరా రాసింది.

"లీడరుకి కోపం వచ్చిన రోజు..." సాయిలక్ష్మి నోటుబుక్కు వైపు వేలు చూపించింది. "ఆ రోజు లీడరు ఏ రూలూ పెట్టకూడదు."

క్లాసంతా ఫ్లోరా వైపు చూసింది. ఆమె కళ్ళు తుడుచుకుని ఆ మాట కూడా రాసింది. కింద తన సంతకం పెట్టి, పుస్తకం సాయిలక్ష్మి ముందుకు జరిపింది.