నోటితో అంటేనే లెక్క

స్నానం చేసి బయటికొచ్చేసరికి చిన్నోడి బట్టలు ఒక్కటీ లేవు.

అలమరా తెరిచాడు, ఖాళీ. మంచం కింద చూశాడు, అక్కడా లేవు. తలుపు వెనక మేకుకి వేలాడే ప్యాంటు కూడా మాయమైంది. బుద్ధెరిగాక ఆ మేకుని అతను చూడటం అదే మొదటిసారి. ఒంటి మీదున్న తువ్వాలు తప్ప అతనికి ఈ లోకంలో ఇంకేం మిగల్లేదు.

"అమ్మా! నా బట్టలేవీ?" అని అరుస్తూ హాల్లోకి వచ్చిపడ్డాడు.

ఇంటిల్లిపాది బట్టలూ హాల్లో కుప్పగా పోసి ఉన్నాయి. నాన్న చొక్కాలు, బాబాయి బనీన్లు, నానమ్మ స్వెట్టర్లు, అన్నీ కలగాపులగంగా. కుప్ప పక్కన, జుట్టు పైకి ముడేసుకుని, ఎవరో కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఆమె రెండు వేళ్ళతో ఒక నిక్కరు ఎత్తి పట్టుకుంది. దాని వెనక భాగంలో పెద్ద చిల్లు.

"ఇది మీదేనా?" అంది.

"కాదు."

"వాడిదే," అంది నానమ్మ సోఫాలోంచి. "నడుం దగ్గర ఎలాస్టిక్ నేనే మార్చాను."

చిన్నోడు ఒక చేత్తో తువ్వాలు గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో పరువు పట్టుకోవడానికి చూశాడు. పరువు దొరకలేదు.

"ఎవరండీ మీరు? నా బట్టల మీద పడ్డారేంటి?"

"ఇళ్ళు సర్దిపెడతానండీ. మీ అమ్మగారు పిలిచారు. ఒక రకం వస్తువులన్నీ ముందు ఒకచోట పోయాలి. ఇంట్లో ఎంత చెత్త ఉందో అప్పుడుగానీ కళ్ళకి కనపడదు."

పిలవక అమ్మ మాత్రం ఏం చేస్తుంది? ఆ ఇంట్లోకి వచ్చిన వస్తువుకి చావు లేదు. ఒళ్ళు తగ్గించుకుంటానని బాబాయి కొన్న ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేస్తారు. భోజనాల బల్లకి ఎన్ని కాళ్ళున్నాయో ఎవరూ చెప్పలేరు, పాత పేపర్ల వెనక అది కనిపించి చాలా కాలమైంది. పోయిన వారం ట్రెడ్‌మిల్ తగిలి నాన్న బొటనవేలు బంగాళాదుంపంత అయ్యాక, అమ్మ ఇక ఊరుకోలేదు.

"మా పద్ధతి ఒకటుంది," అంది ఆ అమ్మాయి. "ప్రతి వస్తువూ చేత్తో పట్టుకోవాలి. 'ఉంచుకుంటాను' అనో, 'ఇచ్చేస్తాను' అనో పైకి అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు."

"తలూపితే సరిపోదా?"

"తలూపినవాళ్ళు మర్నాడే సంచి విప్పి వెనక్కి తీసుకుంటారు. నోటితో అన్నవాళ్ళకి కాస్త సిగ్గుంటుంది."

"మా ఇంట్లో సిగ్గు ఎప్పుడో ఇచ్చేశారండీ."

"అది తెలుస్తూనే ఉంది," అంది ఆమె, తువ్వాలు వంక చూడకుండా గోడ గడియారం వంక చూస్తూ.

బాబాయి పొలమారేలా నవ్వాడు. చిన్నోడు వంగి కుప్పలోంచి ఒక ప్యాంటు లాగాడు. ఆమె ఇంకో కొస పట్టుకుంది.

"అనండి."

"ఉంచుకుంటాను!" అని అరిచి, ప్యాంటుతో సహా గదిలోకి పారిపోయాడు.

చిన్నోడు డ్రైవింగ్ స్కూల్లో పని చేస్తాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేక్, బ్రేక్" అని జనం మీద అరుస్తాడు. తన నోటికి మాత్రం బ్రేకుల్లేవని ఇంట్లో అందరికీ తెలుసు. మామూలుగా చీకటి పడ్డాకగానీ ఇల్లు గుర్తురాని మనిషి, ఆ వారం మధ్యాహ్నం టీకే రావడం మొదలుపెట్టాడు.

"డ్రైవర్ గారూ, ఆ పెట్టె అందుకోండి," అనేది ఆమె స్టూలు మీంచి.

"ఇన్‌స్ట్రక్టర్ అండీ."

"తేడా ఏంటో?"

"డ్రైవర్ బండి నడుపుతాడు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చుంటాను."

"నేనూ అంతే. మీ ఇంట్లో ఏ అలమరా తీసినా నెత్తిన ఏం పడుతుందోనని నా ప్రాణాలూ అరచేతిలోనే ఉన్నాయి."

ఇల్లంతా ఆమె పద్ధతికి అలవాటు పడిపోయింది. నాన్న టీ కప్పు అందుకుని "ఉంచుకుంటాను" అనేవాడు. అమ్మ చేతిలో పెట్టిన కాకరకాయ కూర గిన్నె చూసి బాబాయి "ఇచ్చేస్తాను" అనేవాడు. నిద్రలో కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి ఉంచుకుంటూనే ఉన్నారు.

ఇదంతా తమాషాగానే ఉండేది, నానమ్మ చేతికి తాతయ్య బూట్లు వచ్చేదాకా.

నానమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుంది. నోరు తెరిచింది, మాట రాలేదు. అమ్మ చేస్తున్న పని ఆపేసింది. అందరూ ఆ అమ్మాయి వంక చూశారు. ఆమె తొందరపెట్టలేదు. వచ్చి నానమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"తాతయ్యగారివి పెద్ద పాదాలే," అంది.

"డ్యాన్సు నేర్చుకుంటానని నా కాళ్ళు తొక్కి చంపాడు తల్లీ, ఈ బూట్లతోనే," అంది నానమ్మ. నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"ఇవాళ ఏమీ అనక్కర్లేదు నానమ్మగారూ. వీటి సంగతి మీకెప్పుడు అనాలనిపిస్తే అప్పుడే."

గుమ్మం దగ్గర నిలబడి ఇది చూసిన చిన్నోడు చేతిలో పెట్టె దించడం కూడా మర్చిపోయాడు. అప్పటిదాకా ఆమె నవ్వు బాగుందనుకున్నాడు, మాటకి మాట అప్పజెప్పడం బాగుందనుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఆమె అంటే ప్రేమే. అందులో అనుమానం లేదు.

ఆ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఆమె టీ తాగుతూ ఉంటే, బయట వాన మొదలైంది. జల్లు మొహాన కొట్టినా పక్కకి జరగలేదు.

"ఆఫీసు ఉద్యోగం మానేసి ఈ పని మొదలుపెట్టాను," అంది. "ఇప్పటిదాకా అన్నీ ఒంటి గది ఇళ్ళే. ఇంత పెద్ద ఇల్లు ఇదే మొదలు. మీ అమ్మగారు బాగుందంటే వాళ్ళ ఆఫీసులో అందరూ పిలుస్తారట. బాగోలేదంటే నేను మళ్ళీ ఆ పాత కుర్చీలోకే."

"బాగుంటుందిలెండి. ఇంకెన్నాళ్ళ పని?"

"అయిపోవచ్చింది."

చిన్నోడు లెక్క వేసుకున్నాడు. పనైపోతే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే మళ్ళీ ఎందుకొస్తుంది? ప్రేమ సంగతి చెప్పేద్దామా అంటే, తువ్వాలు కట్టుకుని పరిచయమైన మనిషి మాట ఎవరు నమ్ముతారు? కాస్త టైమ్ కావాలి. టైమ్ కావాలంటే పని మిగలాలి.

ఇచ్చేసే సంచులన్నీ మెట్ల కింద ఉన్నాయి. ఏదో ఆశ్రమం బండి వచ్చి పట్టుకెళ్ళాలి. మర్నాటి నుంచి చిన్నోడు పొద్దున్నే లేవసాగాడు. మూత లేని ఫ్లాస్కు వంటింటి అలమరాలోకి తిరిగొచ్చింది. ఊచలు విరిగిన గొడుగు తలుపు వెనక్కి చేరింది. బాబాయి టైలు డ్రాయర్లో దూరాయి. కాలిపోయిన టోస్టర్ అయితే దర్జాగా పాత చోటే కూర్చుంది.

"ఎంత తీసినా తరగదేంటమ్మాయ్?" అంది అమ్మ.

"నాకూ అర్థం కావట్లేదు ఆంటీ. పైగదిలో అట్టపెట్టెలే ఇంకో రెండ్రోజుల పని."

దొంగకి తేలు కుట్టినట్టు చిన్నోడు పేపర్ చాటున కూర్చున్నాడు. ఆ పేపర్ తలకిందులుగా ఉందని నానమ్మ ఒక్కతే గమనించింది. గొడుగు సంగతి కూడా గమనించింది. నోరు మాత్రం విప్పలేదు.

శనివారం మధ్యాహ్నం బాంబు పేలింది.

"జీతాలిచ్చి ఎంతోమందితో పని చేయించాను," అంది అమ్మ, చేతిలో టోస్టర్‌తో. "నీలాగా తిప్పేవాళ్ళని చూళ్ళేదు. ఇది నువ్వు తీసేశావా, తీశానని చెప్పావా?"

"నేనే సంచిలో వేశాను ఆంటీ."

"మరిది కాళ్ళొచ్చి మెట్లెక్కిందా? నలుగురికి చెబుదామనుకున్నాను నీ గురించి. నయం, చెప్పలేదు."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. కత్తెర, టేపు, మార్కర్లు ఒక్కొక్కటే బ్యాగులో వేసుకుంటోంది. కత్తెర రెండుసార్లు చేజారింది.

చిన్నోడు అది చూడలేకపోయాడు.

"అమ్మా, ఆగు. అవన్నీ వెనక్కి తెచ్చింది నేనే."

అమ్మ చేతిలో టోస్టర్ కిందికి దిగింది.

"నువ్వా?" అంది అమ్మ. "ఎందుకురా?"

"పనైపోతే ఈవిడ వెళ్ళిపోతారని."

బ్యాగు జిప్పు సగంలో ఆగింది. ఆ అమ్మాయి నెమ్మదిగా తలెత్తింది. కోపం ఉంది, కానీ కోపం కింద ఇంకేదో కూడా ఉంది. అది చూసి చిన్నోడికి ధైర్యమొచ్చింది. రాకపోయినా బాగుండేది.

"వెళ్ళిపోతే?" అంది.

"అంటే... మీకు తెలుసుగా."

"నాకేం తెలీదు. నోటితో అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు."

నాన్న, అమ్మ, బాబాయి, నానమ్మ, అందరి కళ్ళూ అతని మీదే. చెప్పాల్సిన మాటలు బుర్రలో వరసగా నిలబడి ఉన్నాయి. తీరా నోరు తెరిస్తే, వారం రోజులుగా ఆ ఇంట్లో అరిగిపోయిన మాటే ముందుకి దూకింది.

"మిమ్మల్ని ఉంచుకుంటాను."

నాన్న చేతిలో కప్పు జారి పగిలింది.

ఆమె జిప్పు లాగింది, చెప్పులేసుకుంది, వెళ్ళిపోయింది.

"ఉంచుకోవడమేంట్రా అప్రాచ్యపు వెధవా!" నానమ్మ సోఫాలోంచి లేచింది. ఆమె అంత వేగంగా లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "మర్యాదస్తుల పిల్లని పట్టుకుని, మా అందరి ఎదురుగా, ఉంచుకుంటానంటావా? పెళ్ళి చేసుకుంటానని ఏడవలేకపోయావా?"

"అదే నానమ్మా, అదే అనబోయాను!"

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు," అన్నాడు బాబాయి ఆనందంగా.

"నువ్వు నోర్ముయ్," అంది అమ్మ. తర్వాత కొడుకు వంక తిరిగి, టోస్టర్‌తోనే గుమ్మం చూపించింది. "చూస్తావేంరా? పరిగెత్తు!"

కింద వాన కుండపోతగా పడుతోంది. ఆమె చిన్న వ్యాను గోడవారగా ఉంది. దాని వెనక, అడ్డంగా, చిన్నోడి డ్రైవింగ్ స్కూలు కారు. అందరికీ పార్కింగ్ నేర్పే మనిషి ఆపిన తీరు అది. ఆమె హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం లేదు.

చిన్నోడు వెళ్ళి వ్యాను అద్దం మీద కొట్టాడు. అద్దం రెండు వేళ్ళంత కిందికి దిగింది.

"కారు తియ్యండి."

"తీస్తాను. ఒక్క మాట విన్నాక తీస్తాను."

"ఇందాక విన్నాను. నన్నేమనుకున్నారు, గొడుగనుకున్నారా?"

"నేననబోయింది అది కాదండీ. మీ పద్ధతిలో చెబుదామని మొదలుపెట్టి పప్పులో కాలేశాను. మీ పని చెడగొట్టాను, అదింకా పెద్ద తప్పు. అమ్మకి నిజం చెప్పేశాను కాబట్టి మీ పేరుకి ఏ మచ్చా లేదు. ఇక నా సంగతి." మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. "మీరంటే నాకు ప్రేమ. పెళ్ళి చేసుకోవాలనుంది. మీకిష్టమైతేనే. ఇష్టం లేదంటే ఇప్పుడే కారు తీసేస్తాను."

ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తోంది.

"వాన చప్పుడు. సరిగ్గా వినపడలేదు."

వినపడింది. చక్కగా వినపడింది. చెవులు ఎర్రబడటమే అందుకు సాక్ష్యం.

"మీరంటే ప్రేమ అండీ! పెళ్ళి చేసుకుంటారా?"

"ఏంటీ?"

"పెళ్ళీ!" అని గొంతు చించుకున్నాడు. "నన్ను! పెళ్ళి! చేసుకుంటారా!"

ఎదురింటి కిటికీలు రెండు తెరుచుకున్నాయి. తన ఇంటి బాల్కనీలో నాలుగు తలకాయలు వరసగా మొలిచాయి.

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వింది. తల ఎత్తేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"పైగదిలో రెండ్రోజుల పనుందని మీ అమ్మగారికి చెప్పాను," అంది.

"అవును, ఆ అట్టపెట్టెలు."

"అవన్నీ ఖాళీ పెట్టెలు."

అతనికి బుర్ర పనిచెయ్యడానికి కాస్త టైమ్ పట్టింది. "ఖాళీ పెట్టెలు సర్దడానికి రెండ్రోజులెందుకండీ?"

"ఇంత అమాయకుడివి డ్రైవింగ్ ఎలా నేర్పుతావో నాకర్థం కాదు. తడుస్తున్నావ్. ఎక్కు."

తడుస్తున్నారు అనలేదు, తడుస్తున్నావ్ అంది. ఎక్కండి అనలేదు, ఎక్కు అంది. వానలో నిలువునా తడుస్తూ, చిన్నోడు ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయాడు. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఒప్పుకుని ఉండరనిపించింది.

"ఏమందిరా?" అని పైనుంచి నానమ్మ కేక.

"ఎక్కమంది నానమ్మా!"

"ఎక్కమంటే ఎక్కక, నిలబడి ఆలోచిస్తావేంరా?"

అతను అటు తిరిగి వెళ్ళి తలుపు తీశాడు. తీసి, నోరు తెరిచాడు. సీటు మీద ఖాళీ నీళ్ళ సీసాలు, బిస్కెట్ పొట్లాలు, ఒక బకెట్టు, రెండు దుప్పట్లు, ఏ జతకీ చెందని చెప్పు ఒకటి. కింద కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఇదేంటి? ఊరందరి ఇళ్ళూ సర్దే..."

"ఎవరికైనా చెప్పావో చంపేస్తాను."

ఆమె రెండు చేతులతో అన్నీ ఎత్తి గబగబా వెనక్కి విసిరేసింది. బకెట్టు మాత్రం వెనక పట్టలేదు. చిన్నోడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు కారుతూ, ముడుచుకుని కూర్చున్నాడు. తలుపు లాగుదామంటే బకెట్టు అడ్డమొచ్చి చెయ్యి ఆడలేదు. ఆమె అతని మీదుగా వంగి, తలుపు లాగి వేసింది.